జబ్బు చేపల గది

అక్టోబర్ 6

ఈ చేపని చంపింది నువ్వే. నువ్వంటే నువ్వే, పక్కవాడి వైపు చూడకు. బీమా ఆఫీసు లాబీలో మెత్తటి సోఫాలో కూర్చున్నావు. నీ టోకెన్ నంబర్ ఎప్పుడొస్తుందా అని గోడ మీది తెర వంక చూస్తూ, విసుగు పుట్టినప్పుడల్లా ట్యాంక్ అద్దం మీద వేలితో టకటకలాడించావు. ఆ నీలం చేప ఎంత బాగుందో చూడండని పక్కావిడకి చూపించావు. అప్పటికే అది రాయికేసి ఒళ్ళు రుద్దుకుంటోంది. రెక్కల మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు. మొప్పలు దడదడా కొట్టుకుంటున్నాయి. దానికి ఊపిరాడ్డం లేదని నీకు తట్టలేదు. ఆడుకుంటోందనుకున్నావు. ఫోటో తీసుకున్నావు. నీ నంబర్ పిలిచారు, లేచి వెళ్ళిపోయావు.

నువ్వెవరివో నాకు తెలీదు. ఈ డైరీ నువ్వు చదవబోవడమూ లేదు. అయినా ఎవరో ఒకరిని తిట్టకపోతే నాకివాళ అన్నం దిగదు.

జరిగింది ఇదీ. పై ఆఫీసు నుంచి పెద్దాయన వస్తున్నాడని తెలియగానే అడ్మిన్ మేనేజర్ కళ్ళకి లాబీ ట్యాంక్ వెలవెలబోతున్నట్టు కనిపించిందట. నాకొక్క మాట చెప్పకుండా దుకాణానికి పోయి నీలం టాంగ్ అనే చేపని ఒకదాన్ని కొనుక్కొచ్చాడు. సంచిలో నీళ్ళతో సహా ట్యాంక్‌లో గుమ్మరించాడు. సముద్రపు చేప తన వెంట ఏ రోగం మోసుకొస్తుందో ఎవరికీ తెలీదు, కొన్ని వారాలు వేరే తొట్టిలో ఉంచి చూశాకే మిగతావాటితో కలపాలి అని ఈ ఆఫీసు పని ఒప్పుకున్ననాటి నుంచీ నెత్తీ నోరూ బాదుకుంటున్నాను. ఫోన్ చేసి నిలదీస్తే, కొత్త స్టాఫ్‌ని మేం మొదటి రోజే సీట్లో కూర్చోబెట్టేస్తాం కదా ఫిష్ సర్, చేప ఏమన్నా స్పెషలా అన్నాడు. తన జోకుకి తనే నవ్వాడు. వెనకాల ఇంకెవరో కూడా నవ్వారు. పైవాడు జోకేస్తే నవ్వడం ఆ ఆఫీసులో డ్యూటీ.

నీలం టాంగ్ ఈ ఉదయం ఫిల్టర్ మూతికి అతుక్కుని ఉంది. పెద్దాయన రాలేదు. ప్రోగ్రాం మారిందట.

మిగిలినవాటి మీద కూడా చుక్కలు మొదలయ్యాయి. పసుపు టాంగ్, సీతాకోక చేప, క్లౌన్ చేపల జంట.

అక్టోబర్ 7

ఈ రోగం గురించి రాసి పెట్టుకోవాలి, రేపు ఎవడైనా వాదనకొస్తే పనికొస్తుంది. చుక్కలు కనిపించేది చేప మీద. పురుగు పెరిగేది మాత్రం ఇసకలో. చేప మీంచి రాలుతుంది, ఇసకలో గూడు కట్టుకుంటుంది, పిల్లల్ని వదులుతుంది, ఆ పిల్లలు మళ్ళీ చేపనే పట్టుకుంటాయి. మందేదో ట్యాంక్‌లోనే వేసెయ్యచ్చుగా అంటాడు మేనేజర్. మందంటే కాపర్, రాగి ద్రావణం. అది పురుగునే కాదు, అందులో ఉన్న రొయ్యల్నీ పగడాల్నీ కూడా చంపుతుంది. అందుకని చేపలన్నిటినీ వేరే తొట్టిలోకి మార్చి వైద్యం చెయ్యాలి. ఈలోపు పెద్ద ట్యాంక్‌ని చేపల్లేకుండా వదిలెయ్యాలి. పట్టుకోడానికి ఒళ్ళు దొరక్క ఆ పురుగు మాడి చావాలి.

అంటే రోగం చేపలది కాదు, వ్యవస్థది. భోజనాల దగ్గర ఈ మాట అంటే మా ఆవిడ, వ్యవస్థని తర్వాత కూలుద్దువు గాని, ముందు కంచంలోది చల్లారకుండా తిను అంది. పెళ్ళయిన కొత్తలో నన్ను నువ్వు అనే పిలవాలని పట్టుబట్టింది నేనే. ఆ హక్కుని ఆవిడ ఏ రోజూ వృథా చెయ్యలేదు.

మేనేజర్‌ని ఒక గది అడిగాను. కుళాయి ఉండాలి, ప్లగ్ పాయింట్ ఉండాలి, జనం తిరక్కూడదు. మామూలుగా ఏది అడిగినా పైకి రాయాలి అంటాడు. ఇది మాత్రం అక్కడికక్కడే సరేనన్నాడు. గ్రౌండ్ ఫ్లోర్‌లో వెనకవైపు, బాత్రూమ్‌ల పక్కన, చిన్న స్టోర్ రూమ్. తాళంచెవి చేతిలో పెట్టాడు. లోపల విరిగిన కర్టెన్ రాడ్లు, చుట్టిన చాప, మేకులకి తగిలించిన చేతిసంచులు, కిటికీలో భోజనం డబ్బాలు, ఒక దిండు. అన్నీ తీసి కారిడార్‌లో గోడవారగా పేర్చాను. ఎవరివి వాళ్ళు తీసుకుంటారు.

అక్టోబర్ 8

తొట్టి సిద్ధం. ఇసక లేదు, రాళ్ళు లేవు, ఉత్త గాజు. సున్నం ఉన్నదేదైనా, రాయి కానీ గవ్వ కానీ, కాపర్‌ని పీల్చేస్తుంది. నీళ్ళలో మందు తగ్గిపోయి పురుగు బతికి బట్టకడుతుంది. చేపలు దాక్కోడానికి ప్లాస్టిక్ పైపు ముక్కలు వేశాను. మా ఇంటి ట్యాంక్‌లో నానుతున్న స్పాంజి ఫిల్టర్ తెచ్చి పెట్టాను. హీటర్, గాలి మోటారు. బకెట్ వేరు, వల వేరు, తుడిచే గుడ్డ వేరు. ఒక్కోదానికీ ఎర్ర టేపు చుట్టాను. నీళ్ళలో ఉప్పు పెద్ద ట్యాంక్‌తో సమానంగా వచ్చేదాకా కలిపి కొలిచాను, కొలిచి కలిపాను. ఈ పనిలో నాకొక సుఖం ఉంది. నీళ్ళతో వాదించక్కర్లేదు.

వదిన వచ్చింది. మా ఆవిడకి సొంత అక్క. ఈ ఆఫీసులో క్లీనింగ్ పని చేస్తుంది, ఏజెన్సీ తరఫున. సీసాల ఫ్యాక్టరీ మూతపడి నేను ఇంట్లో గోడలకి ఉపన్యాసాలిస్తున్నప్పుడు, మా మరిదికి చేపలంటే ప్రాణం అని రిసెప్షన్‌లో చెప్పి నాకీ పని ఇప్పించింది తనే. ఫ్యాక్టరీలో యూనియన్ సెక్రటరీగా ఉన్నప్పుడు నేను రాసిన కాగితాలన్నీ చూసింది కాబట్టి నాకు కరపత్రం అని పేరు పెట్టింది. ఆ పేరు ఇప్పుడు ఇంటిల్లిపాదికీ అలవాటైంది.

గుమ్మంలో మాప్ కర్ర మీద వాలి తొట్టిని చూసింది. ఏంటి కరపత్రం, జబ్బు చేసినవాళ్ళని కటిక గాజు మీద పడుకోబెడతావా అంది. ఇది ఆస్పత్రి వదినా అన్నాను. జైలైతే జైలని చెప్పు, మేమేం అనుకోం అంది. వెళ్తూ వెళ్తూ కారిడార్‌లో ఉన్న దిండు తీసి చంకలో పెట్టుకుంది. కుంటుతోంది. బూటు కరిచిందట.

అక్టోబర్ 9

చేపల్ని పట్టేసరికి ప్రాణం పోయింది. రాళ్ళన్నీ పైకి తీస్తే గాని పసుపు టాంగ్ చేతికి రాలేదు. మీరు వాటిని పడుతున్నారా, అవి మిమ్మల్ని పడుతున్నాయా అంది రిసెప్షన్ అమ్మాయి. మోచేతుల దాకా ఉప్పు. తెచ్చి కొత్త తొట్టిలో వదిలాక నాలుగూ ఒకే పైపు ముక్క వెనక్కి చేరి గోడకి అతుక్కుపోయాయి.

రాళ్ళ కింద దొరికిన గవ్వల్ని కడిగి ఒక పాత బకెట్‌లో వేసి అదే గదిలో మూలకి పెట్టాను. కాపర్ మొదటి డోసు వేశాను.

అక్టోబర్ 11

మధ్యాహ్నం వెనక మెట్ల దారిన వెళ్ళాను. ఎప్పుడూ వెళ్ళను, నా పని ఉదయమే అయిపోతుంది. క్లీనింగ్ ఆడవాళ్ళు మెట్ల మీద వరసగా కూర్చుని తింటున్నారు. ఒడిలో డబ్బాలు. ఎవరైనా దిగివస్తే డబ్బా ఎత్తి పట్టుకుని మోకాళ్ళు పక్కకి తిప్పుతున్నారు. నేను దిగినప్పుడూ తిప్పారు.

ఆ గది వాళ్ళది.

కాగితం మీద స్టోర్ రూమ్. కానీ వాళ్ళు తలుపు వేసుకుని కాసేపు కూర్చునే చోటు ఈ అంతస్తుల మేడ మొత్తంలో అదొక్కటే. మేనేజర్‌కి తెలుసు. అందుకే పైకి రాయకుండా ఇచ్చేశాడు. తనది కానిది ఇవ్వడానికి పై అనుమతి ఎందుకు? నా ఒళ్ళు మండిపోయింది. చేపలకి హీటరట, గాలి మోటారట, వేళకి మందట! మనుషులకి మెట్లట! ఈ వాక్యం ఇలాగే ముద్రించి గేటు దగ్గర పంచాలి. అప్పటికప్పుడే మేనేజర్ గదికి బయల్దేరాను.

వదిన మెట్ల మీంచే నా చొక్కా పట్టుకుంది. ఎక్కడికి అంది. చెప్పాను. కూర్చోమంది. ఏజెన్సీ సూపర్‌వైజర్ అసలే సాకు కోసం చూస్తున్నాడంది. పోయిన నెల ఒకావిడని దగ్గుతోందని మాన్పించాడట. జబ్బు మనుషుల్ని పంపితే ఆఫీసువాళ్ళు ఊరుకోరు అన్నాడట. నువ్వెళ్ళి గట్టిగా మాట్లాడితే ఎవరెవరు చెప్పారని పేర్లు అడుగుతారు, పేర్లు మావీ ఉపన్యాసం నీదీ అంది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నా చేతిలో ఏదో ఒక ముక్క పెట్టి తినమన్నారు. తిన్నాను.

సరే. చేపలు కోలుకోగానే గది ఖాళీ చేస్తాను. ఈలోపు నోరు మూసుకుంటాను. ఇప్పుడు తొట్టి కదిపితే నాలుగూ చస్తాయి. వేరే దారి లేదు.

సాయంత్రం 7

వేరే దారి ఉందంటోంది మా ఆవిడ. ఆ తొట్టి మనింట్లో పెట్టుకోవచ్చుగా అంది. మనింట్లో మన ట్యాంక్ ఉంది, ఒక్క తడి చెయ్యి చాలు రోగం ఇటు రావడానికి అన్నాను. ఓహో అంది. ఆవిడ ఓహో అంటే నాకు భయం.

అక్టోబర్ 12

అక్క కాలి పుండు మానడం లేదు, అంది మా ఆవిడ. బొటనవేలి పక్కన. షుగరు. మధ్యాహ్నం పూట కట్టు మార్చుకోవాలని, కాసేపు కాలు ఎత్తు మీద పెట్టుకుని ఉండాలని నర్సు చెప్పిందట. ఎవరితోనూ అనకు, నీకు దణ్ణం పెడతాను, పనిలో తెలిస్తే తీసేస్తారు అంది.

ఒక మనిషి పుండుని దొంగసొత్తులా దాచుకోవాల్సిన ఖర్మ ఎందుకు పట్టిందో వివరించాను. ఏజెన్సీ పద్ధతి ఎలా పుట్టిందో, ఎవరి లాభానికి పుట్టిందో చెప్పాను. ప్రభుత్వాస్పత్రిలో మందుల సంగతి చెప్పాను. మా ఆవిడ చివరిదాకా వింది. అయిపోయిందా అంది.

అక్టోబర్ 13

కాపర్ తగ్గింది. ఎందుకో అర్థం కాలేదు. మళ్ళీ వేశాను.

అక్టోబర్ 14

మళ్ళీ తగ్గింది. టెస్ట్ కిట్ పాడయిందేమోనని దుకాణం నుంచి కొత్తది తెచ్చాను. కొత్తదీ అదే మాట చెబుతోంది. పసుపు టాంగ్ మీద చుక్కలు తగ్గుముఖం పట్టినట్టే పట్టి మళ్ళీ తిరగబెట్టాయి. మందు సగమే ఉంటే, లేనట్టే.

దుకాణంవాడు నా మొహం చూసి, మీరు నిద్రపోండి సార్, చేపలు వాటంతటవే నిద్రపోతాయి అన్నాడు.

అక్టోబర్ 15

క్లౌన్ జంటలో ఆడది పోయింది. ఆడదే పెద్దది. మగది దాని పక్కనే, మూతితో దాన్ని నెట్టి నెట్టి చూస్తోంది. ఇది మనుషుల భావాలు చేపలకి అంటగట్టడం అని నాకు తెలుసు. నేనే ఒకప్పుడు దీని మీద వ్యాసం రాశాను. అయినా దాన్ని వలతో పైకి తీస్తున్నప్పుడు మగది వల వెంట నీటి అంచుదాకా వచ్చింది.

అక్టోబర్ 16

దొరికింది!

తొట్టి మూత ఒక పక్కకి జరిగి ఉంది. నేను అలా పెట్టను. చెత్తబుట్టలో దూది ముద్దలు, పసుప్పచ్చగా మరకలు. వాసన చూశాను. అయోడిన్. ఎవడో సొంత వైద్యం మొదలెట్టి నీళ్ళలో అయోడిన్ పోస్తున్నాడనుకున్నాను. పైపు ముక్కలు బయటికి తీసి దులిపాను. గలగలమని గవ్వలు రాలాయి. ఒక్కో పైపులో గుప్పెడేసి. మూల బకెట్‌లో నేను దాచిన గవ్వలే. బయటికి కనపడకుండా లోపలికంటా కూరారు.

ఇదా సంగతి! నేను మందు పోస్తున్నాను, గవ్వలు తాగేస్తున్నాయి. ఇన్నాళ్ళూ చేపలకి కాదు, గవ్వలకి వైద్యం చేస్తున్నాను. ఎవడి పని ఇది? సెక్యూరిటీవాడా? భోజనం వేళకి లాబీలో ఫోన్ పట్టుకు తిరిగే గుమాస్తాలా? చేపలు వాళ్ళకి బొమ్మలు. ఆడుకోడానికి వచ్చి ఒక ప్రాణం తీశారు.

అక్కడే నిలబడి మేనేజర్‌కి మెయిల్ కొట్టాను. అనుమతి లేనివాళ్ళు క్వారంటైన్ గదిలోకి వస్తున్నారు. తొట్టిలో వస్తువులు వేస్తున్నారు. దానివల్ల చేప చనిపోయింది. కారిడార్ కెమెరా చూసి బాధ్యుల మీద చర్య తీసుకోవాలి.

పంపాక కాస్త ఊపిరాడింది.

అక్టోబర్ 17

మేనేజర్ జవాబు: థాంక్యూ ఫిష్ సర్. వెరీ ప్రొఫెషనల్. తాళం మార్పించాడు.

అక్టోబర్ 18

వదిన.

కెమెరాలో రోజూ మధ్యాహ్నం ఒక మనిషి కుంటుకుంటూ వచ్చి, చుట్టూ చూసి, బోర్డు మీద తగిలించి ఉన్న రెండో తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి వెళ్తోందట. చంకలో దిండు ఉందట. మేనేజర్ నాకు ఫోన్‌లో చెప్పాడు, సంతోషంగా. దొంగని పట్టిచ్చినందుకు నా భుజం తడుతున్నట్టు. సూపర్‌వైజర్‌ని పిలిపించి అడిగించారట. ఆమె మొదట చేపల్ని చూడ్డానికి వెళ్ళానందట. తర్వాత బూటు విప్పమన్నారట.

బూటు విప్పమన్నారు. నలుగురి ముందు.

అంత పుండుతో జబ్బు చేపల గదిలో తిరిగింది సర్, రేపు మీ నీళ్ళ వల్లే ముదిరిందని మా మీద క్లెయిమ్ వేస్తే అన్నాడు మేనేజర్. పుండు పాతదేనని, ఆఫీసుకి సంబంధం లేదని ఆమె చేత సంతకం పెట్టించుకున్నారట. బీమావాళ్ళు కదా, అందులో లోటు ఉండదు. ఆమెని ఏజెన్సీ మాన్పించింది. సాయంత్రంలోపే.

ఆమె మా వదిన అని నేను చెప్పాను. ఓ అన్నాడు. అయితే మీకు ఇబ్బందేం లేదుగా సర్, మేం మీ పేరు చెప్పలేదులెండి అన్నాడు.

అక్టోబర్ 19

నేను చర్య తీసుకోమన్నాను. మనిషిని తీసెయ్యమనలేదు. నేను బాధ్యులు అన్నాను. బాధ్యులంటే నా ఉద్దేశం వేరు. కెమెరా పెట్టింది నేను కాదు. ఫ్యాక్టరీలో కెమెరాలు పెట్టొద్దని వాదించినవాణ్ణి. ఏజెన్సీని తెచ్చింది నేను కాదు. పుండు దాచుకునే పరిస్థితి కల్పించింది నేను కాదు. ఒక్కొక్కటే తీసుకుని చర్చించండి, నేను సిద్ధం.

ఇదంతా మా ఆవిడతో అన్నాను. ఆవిడ గిన్నెలు తోముతోంది. చివరికి ఒకే మాట అంది. ఆ గదికి ఇంకెవరు వెళ్తారనుకున్నావు? తాళంచెవి బోర్డు మీద ఉందని తెలిసినవాళ్ళెవరు, దూదితో పనున్నవాళ్ళెవరు, ఆ చేపల మీద జాలిపడేవాళ్ళెవరు? పుండు సంగతి నేను నీకు చెప్పాను కదా, నువ్వు విన్నావు కదా అంది.

విన్నాను. అయోడిన్ వాసన చూసి నాకు చేప గుర్తొచ్చింది.

అక్టోబర్ 21

వదినకి రాత్రంతా జ్వరమట. పొద్దున్నే ఆస్పత్రిలో చేర్చారు. పాదం నల్లబడింది. బొటనవేలు, దాని పక్క వేలు తీసేశారు.

మా చేపల తొట్టి నీళ్ళే కారణమా అని డాక్టర్ని అడిగాను. ఉప్పునీళ్ళ తొట్లలో ఒక రకం సూక్ష్మజీవి ఉంటుంది, తడిచేత్తో కట్టు విప్పితే పుండుకి అంటుకునే వీలుంది, అలాగని అదే అని చెప్పలేం అన్నాడు. పరీక్షకి పంపాం అన్నాడు. షుగరే కారణమయ్యుండొచ్చు, రోజంతా నిలబడటం కూడా అన్నాడు. ఏదో ఒకటి తేల్చి చెప్పండని దబాయించాను. మీరు ఆమెకి ఏమవుతారు అన్నాడు.

అక్టోబర్ 22

వదిన మాట్లాడింది. నేను గుమ్మంలో నిలబడితే, లోపలికి రా కరపత్రం, ఇక్కడ తాళం లేదులే అంది.

కూర్చున్నాను. నేను నోరు తెరవకముందే తనే అంది. గవ్వలు వేసింది నేనే. ఆ పిల్లలు ప్లాస్టిక్ గొట్టంలో దూరి బిక్కుబిక్కుమంటుంటే చూడలేకపోయాను. నీకు చెబితే కాపర్ అనీ సున్నం అనీ పాఠం మొదలెడతావు, అందుకే లోపలికి తోశాను అంది. ఒకటి చచ్చిపోయిందటగా అంది. నా చెయ్యి మంచిది కాదంది. ఏడిచింది. వేళ్ళు పోయినందుకు కాదు, చేప పోయినందుకు. నేనిది రాస్తుంటే నాకే నమ్మశక్యంగా లేదు, కానీ అదే జరిగింది.

ఆ గదిలో ఏం చేసేదానివి అని అడిగాను. ఏముంది, కట్టు మార్చుకుని కాలు ఎత్తుగా పెట్టుకుని వాటిని చూస్తూ పడుకునేదాన్ని, అవీ నన్ను చూసేవి, జబ్బువాళ్ళం జబ్బువాళ్ళం కబుర్లాడుకునేవాళ్ళం అంది.

మెయిల్ పంపింది నేనే అని చెప్పాను.

తెలుసు అంది. సూపర్‌వైజర్ చెప్పాడట. మీ మరిదిగారే రాశారమ్మా, బాగా చదువుకున్నాయన అన్నాడట. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. నర్సు వచ్చి ఇంక వెళ్ళమంది.

అక్టోబర్ 25

కాపర్ నిలకడగా ఉంది. తాళం మార్చినప్పటి నుంచీ ఒక్క గీత తగ్గలేదు. పసుపు టాంగ్ ఒళ్ళు శుభ్రంగా ఉంది. సీతాకోక చేప నా వేళ్ళ దగ్గరికొచ్చి తింటోంది. వైద్యం పనిచేస్తోంది.

రిసెప్షన్ అమ్మాయి అభినందించింది. చెయ్యి కడుక్కోవాలని చెప్పి వచ్చేశాను.

అక్టోబర్ 26

క్లీనింగ్ ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళాను, మెట్ల దగ్గరికి. అందరం కలిసి వెళ్ళి అడుగుదాం, ఒక్కరిని తీసేస్తే అందరం పని ఆపుదాం అన్నాను. మోకాళ్ళు పక్కకి తిప్పి నాకు దారిచ్చారు. నేను దిగిపోవడానికే వచ్చానన్నట్టు.

ఒకావిడ మాత్రం వెనక నుంచి, తొట్టి ఎప్పుడు తీస్తారు సార్ అంది. అంతకు ముందు వాళ్ళెవరూ నన్ను సార్ అనలేదు.

అక్టోబర్ 27

మేనేజర్‌తో రెండు గంటలు. నా మెయిల్ వెనక్కి తీసుకుంటున్నానన్నాను. మెయిల్ వెనక్కి రాదు సర్ అన్నాడు. ఆమె మీద ఫిర్యాదు కాదది అన్నాను. ఫోన్‌లో తెరిచి చదివి వినిపించాడు. బాధ్యుల మీద చర్య తీసుకోవాలి. నా వాక్యమే. ఇలాంటి వాక్యాలు ఎన్ని యాజమాన్యాల మొహాన కొట్టానో! ఇవాళ వాడి నోటి నుంచి విన్నాను. చక్కటి ఉచ్చారణ.

గది ఆడవాళ్ళకి తిరిగివ్వమన్నాను. మీరే కదా సర్ జనం తిరక్కూడదన్నారు అన్నాడు. తొట్టిని మీ మీటింగ్ రూమ్‌లో పెట్టుకోండి అన్నాను. నవ్వాడు. అది కూడా జోకనుకున్నాడు. ఇంక మర్యాదగా మాట్లాడలేకపోయాను. బల్ల మీద కొట్టాను. సెక్యూరిటీని పిలిచాడు. ఏదైనా ఉంటే రాసివ్వండి సర్, పైకి పంపుతాను అన్నాడు.

రాసిస్తాను.

అక్టోబర్ 28, మధ్యాహ్నం

ఆస్పత్రిలో కూర్చుని మొదలెట్టాను. శ్రమదోపిడీ అమానుష రూపం దాల్చిన నేటి కార్పొరేట్ వ్యవస్థలో, అని మొదటి వాక్యం. వదినకి చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని వింటోంది. ఇందులో నేనెక్కడున్నాను అంది. ఇంకా రాలేదు, రెండో పేరాలో వస్తావు అన్నాను. అప్పటికి వాడు చదవడం ఆపేస్తాడు అంది.

ఆ పేజీ చించేశాను. సరే వదినా, నీకేం కావాలో చెప్పు అన్నాను. ఎవరూ నన్ను అలా అడగలేదు, ఆలోచించుకోనీ అంది. ఆలోచించి చెప్పింది. ఒక్కొక్కటే. మధ్యలో మందు మత్తుకి జోగుతూ, లేచి, ఎక్కడిదాకా వచ్చాం అంటూ. నా మాటలు కలపబోతే చెయ్యి ఎత్తి ఆపింది. మెయిల్ సంగతి మాత్రం నేను చేర్చాను. అది నీ ఇష్టం అంది.

పేరు వెయ్యనా అన్నాను. వెయ్యి, ఇంకేం తీసేస్తారు అంది.

అక్టోబర్ 30

యాజమాన్యానికి, ఏజెన్సీకి (ఇచ్చే కాగితంలో ఆమె అన్నచోట వదిన పేరు ఉంది):

1. ఆమెని మళ్ళీ పనిలోకి తీసుకోవాలి.

2. కాలు మానేదాకా సెలవివ్వాలి. జబ్బు ఉందని ఎవరినీ మాన్పించకూడదు.

3. ఆమె చేత పెట్టించుకున్న సంతకం చెల్లదని రాసివ్వాలి.

4. 16వ తేదీ మెయిల్ రాసింది నేను. తప్పు రాశాను. దాని మీద ఎవరి పనీ తియ్యకూడదు.

5. ఎవరినీ నలుగురి ముందు బూటు విప్పమనకూడదు.

6. గది తిరిగివ్వాలి. చేపల్ని నేను మా ఇంటికి తీసుకుపోతాను.

7. గదికి గడియ లోపలి వైపు ఉండాలి.

8. కట్టు మార్చుకోడానికి వేరే బేసిన్, సబ్బు, శుభ్రమైన గుడ్డ.

9. కుర్చీలు రెండు. ఒకటి కూర్చోడానికి, ఒకటి కాలు పెట్టుకోడానికి.